రీజెన్సీ ప్రేమ నవలల్లో అంత సరదా ఎక్కడుంది?

ముగింపు ముందే తెలిసిన ప్రేమకథను ఎందుకు చదవాలని ఒకరు అడిగారు. మాటల కోసం చదవాలి. మూడో జార్జి రాజుకు మతి చలించడంతో ఆయన కొడుకు ప్రతినిధిగా ఇంగ్లండును ఏలిన 1811–1820 కాలమే రీజెన్సీ. ఈ నవలల కథలు ఆ కాలంలోనే నడుస్తాయి. అప్పటి పెద్దింటి అమ్మాయి పరాయి మగవాడితో ఒంటరిగా కనిపిస్తే పరువు పోయినట్టే. అందుకే మనసులో మాట నేరుగా చెప్పుకోలేని కథానాయికా నాయకులు నలుగురి మధ్య నాట్యం చేస్తూనే ఒకరినొకరు దెప్పుకుంటారు. అసలు రుచి ఆ దెప్పిపొడుపుల్లోనే ఉంది!

కొన్ని సంగతులు తెలిస్తే నవ్వు రెట్టింపవుతుంది. లండన్‌లో ఆల్మాక్స్ అనే నృత్యశాల ఉండేది. ఎంత డబ్బున్నా కొద్దిమంది దొరసానులు ఒప్పుకుంటేనే ప్రవేశం. తీరా లోపల పెట్టేది టీ, నిమ్మరసం, వెన్న రాసిన పల్చటి రొట్టె ముక్కలు. ఇంకొకటి: ఇంగ్లండులో 21 ఏళ్లు నిండనివారి పెళ్లిని పెద్దలు అడ్డుకోగలిగేవారు, స్కాట్లండులో ఆ అడ్డు లేదు. అందుకే కథలో గుర్రపుబండి అర్ధరాత్రి ఉత్తరానికి పరుగెత్తిందంటే అది సరిహద్దు ఊరు గ్రెట్నా గ్రీన్‌కే అని ఊహించవచ్చు.

వర్ణనలను త్వరగా దాటినా సంభాషణల దగ్గర మాత్రం ఆగండి. నేను వాటిని పైకి చదువుకుంటాను. అలా చదివితే కథానాయిక గొంతులోని కొంటెతనం చక్కగా వినిపిస్తుంది.