పొలాల్లో తిరిగే జంగుపిల్లి వల్ల ప్రకృతికి ఏం మేలు?

జంగుపిల్లి (అడవిపిల్లి) దట్టమైన అడవి కంటే గడ్డి, తుంగ, చెరువు గట్లు, చెరకు తోటలనే ఎక్కువగా ఇష్టపడుతుంది. దాని ముఖ్య ఆహారం ఎలుకలు. రాజస్థాన్‌లోని సరిస్కాలో జరిగిన అధ్యయనం ప్రకారం రోజుకు 3 నుంచి 5 ఎలుకలను తింటుంది. అంటే ఏడాదికి వెయ్యికి పైనే. పక్షులు, తొండలు, కుందేళ్లు దొరికితే వాటినీ వదలదు.

అయితే ఎలుకల ఉద్ధృతి ఒక్కసారిగా పెరిగాక పిల్లి ఒక్కటే ఆపలేదు, అవి అంతకంటే వేగంగా పిల్లలు పెడతాయి. తక్కువగా ఉన్నప్పుడు వాటిని పెరగనీయకపోవడమే దాని అసలు పని. అదీ గుడ్లగూబ, నక్క, జెర్రిపోతులతో కలిసి.

ఇక్కడే మనం చేజేతులా చెడగొట్టుకుంటున్నాం. బ్రోమోడయోలోన్ (ఎలుకల మందు) ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా బయట తిరుగుతుంది, పిల్లికి సులువుగా చిక్కుతుంది. ఎలుక కాలేయంలోని మందు పిల్లి ఒంట్లోకి చేరి, రక్తం గడ్డకట్టకుండా లోపలే కారి పిల్లి కూడా చనిపోవచ్చు. ఎరను గట్ల మీద చల్లకండి, ఎలుకలున్న కన్నాల్లోనే పెట్టి మూయండి. చచ్చిన ఎలుకలను రోజూ ఏరి లోతుగా పాతిపెట్టండి.

చెరకు నరికేటప్పుడు జంగుపిల్లి పిల్లలు కనిపిస్తే చిరుతపులి కూనలని భయపడి ఎత్తుకెళ్లొద్దు. కుక్కలను, జనాన్ని దూరంగా ఉంచితే తల్లి సాధారణంగా రాత్రికి వచ్చి తీసుకెళ్తుంది. రాకపోతే అటవీశాఖకు చెప్పండి.