ఆరోగ్య సందేహాలు: ఉప్పు ఆయనొక్కడికే తగ్గిస్తే చాలదు

ప్రశ్న: మా మామయ్యకు 66 ఏళ్లు. ఆయాసంతో ఆస్పత్రిలో చేర్పిస్తే గుండె బలహీనపడిందని, ఎకో (గుండె స్కాన్)లో ఈఎఫ్ (గుండె ప్రతిసారీ బయటికి తోసే రక్తం శాతం) 30 ఉందని చెప్పి మందులు రాశారు. ఉప్పు తగ్గించమన్నారు, రోజూ బరువు చూడమన్నారు. విడిగా చప్పిడి వంట చేసి పెడితే రెండు ముద్దలు తిని లేస్తారు. తర్వాత మా పప్పే వడ్డించమంటారు. మా ఆయన బెంగళూరులో పనిచేస్తారు. ఇంట్లో నేను, అత్తమ్మ, బాబు ఉంటాం. మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: ముందు ఆ విడి వంట మానేయండి. పక్కవాళ్ల పళ్లెంలో ఊరగాయ చూస్తూ చప్పిడి పప్పు ఎవరికి దిగుతుంది? ఉప్పు ఇంటిల్లిపాదికీ తగ్గాలి. పెద్దవాళ్లెవరికైనా రోజుకు 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీస్పూను మించకూడదు. నలుగురికి నెలకు 600 గ్రాములు. ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. కిలో ప్యాకెట్ యాభై రోజులు తిరక్కుండానే అయిపోతే లెక్క తప్పినట్టే. ఊరగాయ, వడియాలు, బజ్జీలు, బేకరీ సరుకుతో వెళ్లే ఉప్పు ఈ లెక్కలోకి రాదు, కాబట్టి వంటింట్లో ఇంకా తక్కువే వాడాలి.

మన తిండిలో ఒక సౌకర్యం ఉంది. సంగటికి ఉప్పు అక్కర్లేదు, నంజుకునే పులుసులో ఉంటే చాలు. ఊరిబిండి పచ్చడిలో సగం ఉప్పు తగ్గించి చింతపండు, వెల్లుల్లి, వేయించిన జీలకర్ర పెంచండి. కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. అయితే ఉప్పుకు బదులని అమ్మే ‘లో సోడియం’ ఉప్పు కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్, రామిప్రిల్ లాంటి గుండె మందులతో కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు.

ఇక బరువు. గుండె తగినంత రక్తం తోయలేకపోతే కిడ్నీలు ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. అది కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆయాసం రాకముందే చాలాసార్లు కాటా పసిగడుతుంది. పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, ఒకే తరహా బట్టలతో చూడాలి. నాపరాళ్ల నేల ఎగుడుదిగుడుగా ఉంటే కాటా తప్పు చూపుతుంది. సమంగా ఉన్న ఒక బండ ఎంచుకుని రోజూ అక్కడే పెట్టండి. గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే అంకె వేసే పని బాబుకు అప్పగించండి. తాత కూడా వాడి మాటైతే కాదనరు! వారానికోసారి ఆ పేజీ ఫొటో మీ ఆయనకు పంపండి. డాక్టరుకు ఫోన్ చేసే బాధ్యత ఆయన తీసుకోవచ్చు.

మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. రాత్రి తలగడలు పెంచాల్సి వస్తున్నా, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కితే గుంట నిలిచినా అంతే. కూర్చున్నా ఊపిరి ఆడకపోతే, దగ్గులో గులాబీ రంగు నురగ పడితే, స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి. స్పృహలో ఉంటే అంబులెన్సు వచ్చేలోగా పడుకోబెట్టకండి. కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టండి.

మాత్రల విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు రెండు రకాలు. ‘ఇప్పుడు బాగుంది కదా’ అని మానేయడం ఒకటి. బాగున్నది ఆ మాత్రల వల్లే. మెటోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. బస్సులో మూత్రం ఇబ్బందని పెళ్లికి పోయే రోజు నీళ్ల మాత్ర (ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసేది) ఎగ్గొట్టడం రెండోది. ఆ రోజు వేళ మార్చుకోవచ్చా అని డాక్టరును ముందే అడిగితే సరిపోతుంది.

ప్రశ్న: గుండె బలహీనపడిన మా నాన్నకు రోజుకు లీటరున్నర ద్రవాలే ఇవ్వమన్నారు. కర్నూలు ఎండల్లో అది సాధ్యమేనా? ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చా?

జవాబు: లీటరున్నరలో కాఫీ, మజ్జిగ, చారు, పాయసం అన్నీ కలుస్తాయి. పొద్దున్నే సీసాల్లో లీటరున్నర నీళ్లు పట్టి పెట్టండి. గ్లాసు మజ్జిగ తాగితే సీసాలోంచి గ్లాసు నీళ్లు తీసేయండి. మీ స్టీలు గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో ఒకసారి కొలవండి. చాలా ఇళ్లలో లెక్క తప్పేది అక్కడే. మజ్జిగలో ఉప్పు వద్దు. నోరు ఎండితే పుక్కిలించి ఉమ్మడం, చిన్న ఐసు ముక్క, ఒక యాలక్కాయ పనిచేస్తాయి.

ఓఆర్‌ఎస్‌లో సోడియం (ఉప్పులో ఉండేదే) ఎక్కువ, సొంతంగా ఇవ్వకండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది, అదీ అడిగే ఇవ్వండి. ఎండాకాలంలో దీనికి విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది: చెమట, నీళ్ల మాత్ర కలిసి ఒళ్లు ఎండిపోతుంది. లేచి నిలబడితే కళ్లు తిరగడం, బరువు వేగంగా తగ్గడం, మూత్రం తక్కువ కావడం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి. ఆ కొలత ఎండాకాలానికి మార్చాలేమో తేల్చాల్సింది ఆయనే.

ప్రశ్న: గుండె మందులు వాడే అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెడికల్ షాపు మాత్రలు వేయొచ్చా?

జవాబు: డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. ఉప్పును, నీటిని ఒంట్లో నిలిపేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ ఎంత వేయవచ్చో డాక్టరును అడగండి. నీళ్లలో వేస్తే పొంగే రకం మాత్రం కొనకండి, అందులో సోడియం ఉంటుంది.