అక్క వద్దంటున్న భగినీ హస్త భోజనం

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు నలభై ఏళ్లు. చిన్నతనంలోనే నాన్నగారు పోతే నన్ను చదివించి పెద్దవాణ్ణి చేసింది మా అక్కే. ఏటా కార్తీక విదియనాడు ఆమె ఇంట్లోనే భోజనం చేస్తాను. నిరుడు శ్రావణంలో బావగారు గుండెపోటుతో కన్నుమూశారు. అందువల్ల కిందటిసారి పండుగ చేసుకోలేదు. ఇప్పుడు సంవత్సరీకాలు కూడా అయ్యాయి. ఈసారి వస్తానంటే అక్క, "నా చేత్తో పెడితే నీకు మంచిది కాదురా, పిన్ని కూతురింటికి వెళ్లు" అంటోంది. మా మేనత్తలదీ అదే మాట. నా భార్య మాత్రం వెళ్లమంటోంది. పట్టుబట్టి వెళితే అక్క మనసు నొప్పించినవాడిని అవుతానా?

జవాబు: మీరు వెళ్లడమే సరైనదని నా అభిప్రాయం. అయితే ఎలా వెళ్లాలో కొంత ఆలోచించుకోవాలి. అంతకుముందు మీ అక్కగారు ఎందుకు వద్దంటున్నారో తెలుసుకోవాలి. ఆ కారణం ఈ పండుగ కథలోనే కొంత దొరుకుతుంది.

దీపావళి అమావాస్య తరువాత వచ్చే కార్తీక శుద్ధ విదియను యమ ద్వితీయ అంటారు. సూర్యునికీ సంజ్ఞాదేవికీ పుట్టిన సంతానం యముడు, యమున. తన ఇంటికి భోజనానికి రమ్మని యమున ఎన్నిసార్లు పిలిచినా తీరిక దొరకని యముడు చివరకు ఒక విదియనాడు ఆమె గుమ్మంలోకి వచ్చాడనీ, ఆమె స్వయంగా వండి వడ్డించిన భోజనానికి సంతోషించి వరం కోరుకొమ్మన్నాడనీ కథ. ఏటా ఇదే రోజున తన ఇంటికి రావాలనీ, ఈనాడు సోదరి చేతి వంట తిన్నవారికి నరకభయం ఉండకూడదనీ యమున కోరుకున్నది. తోబుట్టువుకు ఈ రోజున భోజనం పెట్టిన స్త్రీకి వైధవ్యం కలగదన్న ఫలశ్రుతి కూడా ఆచారంతో పాటే ప్రచారంలో ఉంది.

మీ మేనత్తలు పట్టుకున్నది బహుశా ఈ చివరి మాటనే. మీ అక్కగారిని బాధిస్తున్నదీ అదే కావచ్చు, కానీ వేరే విధంగా. ఆమె ఇన్నేళ్లుగా మీకు నిష్ఠగా భోజనం పెట్టారు. ఆ నిష్ఠకు ఫలంగా చెప్పినది ఆమెకు దక్కలేదు. ఇటువంటి స్థితిలో చాలామంది స్త్రీలు శాస్త్రాన్ని తప్పుపట్టరు, తమలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. తమ చేయి తగిలితే ఎదుటివారికి కీడు జరుగుతుందని భయపడతారు. మీ అక్కగారు మిమ్మల్ని దూరం పెట్టడం లేదు, తన నుంచి మిమ్మల్ని కాపాడుతున్నాననుకుంటున్నారు. అందుచేత "అవన్నీ మూఢనమ్మకాలక్కా" అని మీరు తేలికగా కొట్టిపారేస్తే ఆమె భయం తగ్గకపోగా, ఆ భయాన్ని చెప్పుకునే చోటు కూడా లేకుండా పోతుంది.

ఇక ఆచారం సంగతి. ఫలశ్రుతి ఒక పని చేస్తే కలిగే ఫలాన్ని చెబుతుందే తప్ప ఆ పని చేయడానికి ఎవరు అర్హులో చెప్పదు. యముడు భోజనం చేసిన ఈ కథలో యమున భర్త ప్రస్తావనే రాదు. పెళ్లికాని చెల్లెలు పుట్టింట్లోనే అన్నకు వడ్డించినా అది భగినీ హస్త భోజనమే అవుతుంది. బెంగాల్‌లో ఇదే రోజున సోదరి తన సోదరుని నుదుట చందనపు బొట్టు పెట్టి, యముని వాకిట ముల్లు నాటానని చెబుతుంది. నేపాల్‌లో సోదరుని చుట్టూ నూనెధార పోస్తూ ప్రదక్షిణ చేస్తుంది. మథురలోని విశ్రామ్ ఘాట్‌లో అన్నాచెల్లెళ్లు చేయీ చేయీ పట్టుకుని యమునలో మునుగుతారు. ఇన్ని చోట్లా ప్రధానమైన బంధం తోబుట్టువులది. పిన్ని కూతురింటికి వెళ్లమన్న సలహా కూడా ఇక్కడ కుదరదు, ఎందుకంటే వరుసకు సోదరి అయ్యేవారి ఇంట భోజనం చేయవచ్చన్న వెసులుబాటు సొంత అక్కచెల్లెళ్లు లేనివారి కోసం. 1881లోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు వితంతు వివాహం జరిపించిన ఊరిలో, అక్క చేతి అన్నం తినడానికి ఇంకా అనుమతులు వెతుక్కోవలసి రావడం విచారకరం.

ఈ వాదనలన్నీ మీ మేనత్తలు మళ్లీ ఆ మాట ఎత్తినప్పుడు పనికివస్తాయి. అక్కగారి ముందు వీటిని విప్పకండి. పండుగకు వారం ముందే ఒకసారి ఒంటరిగా వెళ్లి, ఆమె చేతి వల్ల మీకు ఏమవుతుందని భయపడుతున్నారో అడగండి. ఆమె చెబుతుంటే మధ్యలో అడ్డుకోకండి, కన్నీళ్లు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. తరువాత "నన్ను పెంచిన చేయి అది, విదియనాడు వస్తాను, నువ్వు వండినది తింటాను" అని మాత్రం చెప్పి రండి. బొట్టు పెట్టడం, హారతి ఇవ్వడం ఆమె ఇష్టానికి వదిలేయండి. వడ్డన ఒక్కటీ జరిగితే ఆచారంలోని ముఖ్యభాగం జరిగినట్లే. ఏటా చేసే పూర్ణం బూరెలు, పులిహోర ఈసారి చేయలేనంటే పప్పూ చారూ చాలని చెప్పండి. భార్యాపిల్లలను తీసుకువెళ్లండి, ఆచారం గురించి పెదవి విరిచే పెద్దలను ఆ పూటకు పిలవవద్దు. ఆడపడుచుకు పెట్టే చీర తప్పకుండా పెట్టండి, ఆమెకు ఇష్టమైన రంగులోనే పెట్టండి. పసుపు కుంకుమలు పళ్లెంలో ఉంచాలా వద్దా అన్నది ముందుగా ఆమెనే అడగండి, ఎందుకంటే అలవాటు కొద్దీ ఉంచినా, మొహమాటపడి మానేసినా ఆమె నొచ్చుకునే వీలుంది.

ఇంత చేసినా ఆ ఉదయం ఆమె తలుపు దగ్గరే వద్దంటే బలవంతం చేయకండి. ఆమె దగ్గర కూర్చోండి, ఇద్దరూ కలిసి వంట చేసుకోండి, లేదా టీ తాగి మాట్లాడి రండి. వచ్చే ఏడు మళ్లీ విదియ వస్తుంది.

మరొక విషయం కూడా గమనించండి. ఏడాది దాటాక కూడా ఆమె సరిగా తినకపోవడం, నిద్రపట్టకపోవడం, ఎవరినీ కలవకపోవడం, తన వల్లనే అంతా జరిగిందని పదేపదే అనుకోవడం కనిపిస్తే, అది పండుగతో తీరే బాధ కాదు. మానసిక వైద్యుని దగ్గరకు మీరే వెంటబెట్టుకుని తీసుకువెళ్లండి. అప్పటికప్పుడు మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుపై ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.