విరిగిందా, తెగిందా, నెర్రెలిచ్చిందా?

సందేహం: పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం కార్బన్ ఫైబర్ కాంపోజిట్ల (రెసిన్ అనే గట్టిపడే జిగురులో కార్బన్ పోగులు పొదిగిన పదార్థాల) ఫెటీగ్ పరీక్ష (పదే పదే భారం వేసి ఎన్నిసార్లకు పాడవుతుందో చూసే పరీక్ష) మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. "పట్టీని లక్షల చక్రాల పాటు లాగి వదలగా విరిగింది" అని రాశాను. "లాగితే తెగుతుంది గానీ విరుగుతుందా?" అని సాటి లెక్చరర్ అంటున్నారు. ఏది సరి?
– ఒక అధ్యాపకుడు, నల్లగొండ

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం న్యాయమైనదే. కొమ్మ విరుగుతుంది, దారం తెగుతుంది, కుండ పగులుతుంది, వెదురు చీలుతుంది, అంటించింది ఊడుతుంది. చిక్కేమిటంటే కాంపోజిట్ పట్టీలో ఇవి ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. లోహంలో సాధారణంగా ఒక పగులు పుట్టి పెరుగుతుంది కాబట్టి ఒక క్రియతో పని గడుస్తుంది. ఇక్కడ గడవదు.

లాగే దిశలో పోగులున్న నిలువు పొర, దానికి అడ్డంగా పోగులున్న అడ్డ పొర మార్చి మార్చి పేర్చిన పట్టీని తీసుకోండి. ముందు దెబ్బతినేది అడ్డ పొర. అందులో పోగుల వెంట రెసిన్‌లో సన్నని గీతలు పడతాయి. 'పగుళ్లు' అంటే తప్పులేదు గానీ, మన వైపు 'నెర్రెలు' ఇంకా బాగా అతుకుతుంది. నెర్రెలిచ్చిన నేల ముక్కలైపోదు. ఈ పట్టీ కూడా దృఢత్వం కొంత తగ్గినా భారం మోస్తూనే ఉంటుంది. నెర్రెలు బాగా దగ్గరపడ్డాక వాటి కొసల నుంచి, పట్టీ అంచుల నుంచి పొరలు విడతాయి. దీన్ని 'చీలింది' అనకండి. ఆ మాటను అన్ని పోగులూ నిలువుగా ఉన్న పట్టీకి దాచుకోండి, అది చివర్లో చీపురులా చీలిపోతుంది. ఆఖరున భారం మోసే నిలువు పోగులు తెగుతాయి. పోచంపల్లి మగ్గం మీదైనా ఎపాక్సీ రెసిన్‌లోనైనా పోగుకు తెగడమే.

కాబట్టి లాగే పరీక్షలో 'తెగింది', వంచే పరీక్షలో 'విరిగింది'. అదిమే పరీక్షలో పోగులు మడతపడి నలుగుతాయి. అక్కడ సన్నని పట్టీకి ఇరువైపులా ఆసరా లేకపోతే ముందే పక్కకు వంగిపోతుంది. దాన్ని 'నలిగింది' అని రాస్తే లెక్కే తప్పుతుంది.

మీరు అడగలేదు గానీ, 'లాగి వదలగా' కూడా సరికాదు. కనిష్ఠ ప్రతిబలాన్ని (పట్టీ అడ్డుకోత వైశాల్యంలో ఒక్కో యూనిట్ మీద పడే బలాన్ని) గరిష్ఠ ప్రతిబలంతో భాగిస్తే 0.1 వచ్చేట్టు నడిపే పరీక్షలో పదో వంతు బిగింపు ఎప్పుడూ మిగిలే ఉంటుంది. 'లాగి సడలించగా' అనండి. 'లక్షల చక్రాలు' చదివితే బండి చక్రాలు కళ్ల ముందు తిరుగుతాయి, 'లక్షల సార్లు' చాలు. ఫెటీగ్‌ను 'అలసట' అనడానికి నాకు అభ్యంతరం లేదు, 'తేరుకుంది' అని మాత్రం రాయకండి. యంత్రం ఆపినంత మాత్రాన పడ్డ నెర్రె పూడదు.

క్రియతో పాటు చోటూ చెప్పాలి. యంత్రపు దవడలు పట్టుకునే కొసలకు గాజుపీచు-ఎపాక్సీ ట్యాబులు (రక్షణ బిళ్లలు) అంటిస్తారు కదా, జిగురు సరిగా పట్టకపోతే ట్యాబు ఊడుతుంది. దవడలోనో ట్యాబు అంచునో పట్టీ తెగితే ఆ సంఖ్య పదార్థపు ఆయుష్షు కాదు. "ట్యాబు ఊడింది", "దవడలో తెగింది" అని విడిగా రాసి, నడిమి భాగంలో తెగినవాటితో కలపకండి. అలాగే పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు లాగుతున్నామన్నది) మరీ పెంచితే రెసిన్ వేడెక్కి మెత్తబడి పట్టీ త్వరగా తెగుతుంది. అందుకే 5 హెర్ట్జ్ (సెకనుకు 5 సార్లు) చుట్టుపక్కల నడుపుతూ, పట్టీ మీద థర్మోకపుల్ (వేడి కొలిచే తీగల జత) అంటించి వేడి చూస్తుంటారు. అలా వేడెక్కి పోయిన పట్టీని 'అలసి తెగింది' అనకుండా 'వేడికి మెత్తబడి తెగింది' అనే రాయండి.