పాత డీజిల్ కారులో గ్లో ప్లగ్‌లు పోయాయో లేదో ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి?

మీరు రాసిన లక్షణాలు ఇవి: 2004 మోడల్ డీజిల్ కారు, పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా తెల్లపొగ తప్ప ఏమీ లేదు, మధ్యాహ్నం మాత్రం ఒక్క దెబ్బకు స్టార్ట్. మెకానిక్ డీజిల్ పంపు దించాలంటున్నాడు. దించనివ్వకండి. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోంది, మండడం లేదు అంతే. పంపు డీజిల్ పంపకపోతే అసలు పొగే రాదు. ముందు గ్లో ప్లగ్‌లు చూడండి, అంటే చల్లటి ఇంజన్ లేవడానికి లోపల వేడి పుట్టించే చిన్న కరెంటు హీటర్లు. షాపుల్లో అడిగేటప్పుడు హీటర్ ప్లగ్ అనండి, అలాగైతేనే ఇస్తారు.

మా నల్లగొండ, పాలమూరు వైపు ఒక నమ్మకం ఉంది. ఇంత ఎండలు కాసే చోట హీటర్లు దేనికని. ఇది ట్రాక్టర్ల మీద పని నేర్చుకున్న మెకానిక్‌ల నుంచి వచ్చిందని నా గట్టి అభిప్రాయం. ట్రాక్టర్ ఇంజన్లలో డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడుతుంది, కాబట్టి చాలావాటికి హీటర్లే ఉండవు, అయినా జనవరిలో కూడా లేస్తాయి. పాత ఇండికా, క్వాలిస్ లాంటి వాటిలో అలా కాదు. డీజిల్ ముందు హెడ్‌లోని, అంటే సిలిండర్ల పైమూతలోని, చిన్న గదిలో పడి, అక్కడ అంటుకుని, తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది. రాత్రంతా చల్లబడిన ఆ గది గోడలు కంప్రెషన్‌లో పుట్టిన వేడిని పీల్చేసుకుంటాయి. దానికి మంచు కురవక్కర్లేదు, డిసెంబర్‌లో మన దగ్గర తెల్లవారుజామున ఉండే 15 డిగ్రీలు చాలు.

నాకిది మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తెలిసింది. కార్తీక సోమవారం, శ్రీశైలం ప్రయాణం. నల్లమలలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. మేము దేవరకొండ, డిండి మీదుగా రాత్రికే వెళ్లి గేటు ముందు లైన్‌లో ఆపుకుని, కార్లోనే పడుకున్నాం. తెల్లారేసరికి అద్దాల నిండా మంచు నీళ్లు. గేటు ఎత్తారు. ముందున్న బండ్లన్నీ కదిలాయి. నాది గుర్రు గుర్రుమంటుంది, లేవదు. వెనక బండి కనపడనంత తెల్లపొగ. ఇక హారన్లు! గుడికి పోయేవాళ్లకు కూడా ఇంత తొందరేమిటో నాకు అర్థం కాదు. ముందున్నవాడు కావాలని ఆపుకుని కూర్చున్నట్టు కొడతారు. ఈలోపు మా అమ్మ వెనక సీట్లో విచారణ మొదలుపెట్టింది: "రాత్రి దాబాల ఎవరన్న గుడ్డు తిన్నరా? నిజం చెప్పుండ్రి."

వెనక నుంచి అచ్చంపేట జీపు డ్రైవర్ ఒకాయన దిగి వచ్చాడు. తిడతాడనుకున్నా. బానెట్ ఎత్తమని, ఒక నిమిషం చూసి, "అన్నా, ఈ వైర్ ఎవరు పీకిండ్రు?" అన్నాడు. హీటర్ల మీదికి రావాల్సిన వైరు టేపు చుట్టి పక్కకు మడిచి ఉంది. ఆయన తన జీపులోంచి లావు జంపర్ కేబుల్ తెచ్చి, ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస నాలుగు ప్లగ్‌లను కలిపే ఇనుప పట్టీకి పెట్టాడు. ఇరవై దాకా లెక్కపెట్టి తీసేసి, "ఇగ కొట్టు" అన్నాడు. రెండు మూడు సార్లు దగ్గి లేచింది. పైసలిస్తే తీసుకోలేదు. "లైన్ క్లియరైతే చాలన్నా" అని పోయాడు.

వచ్చాక మా మెకానిక్‌ను అడిగితే దాచలేదు కూడా. "మన ఎండలకు హీటర్లెందుకన్నా, ఉత్తగ బ్యాటరీ తింటయి" అన్నాడు. ఎండాకాలం సర్వీసులో పీకాడు, దసరా దాటేదాకా తెలియలేదు. ఇక్కడే డ్యాష్‌బోర్డు మీద నాకు కోపం. కీ తిప్పితే హీటర్లకని ఉండే ఆ స్ప్రింగు గుర్తు లైటు రోజూ వెలిగింది, ఆరింది. అది టైమర్ లైటు. కింద ప్లగ్‌లు వేడెక్కాయో లేదో దానికి పట్టదు. లైటు వెలుగుతోంది కాబట్టి హీటర్లు బాగున్నాయని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు మీ ప్రశ్న. మల్టీమీటర్‌ను 20 వోల్ట్ డీసీలో పెట్టి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎవరినైనా కీ ఆన్ చేయమని, ప్లగ్‌లను కలిపే ఆ ఇనుప పట్టీ మీద వోల్టేజీ చూడండి. బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా కొన్ని సెకన్లు రావాలి. ఏమీ రాకపోతే ప్లగ్‌ల తప్పు కాదు, ఫ్యూజో రిలేనో వైరో. వస్తే కీ ఆపి, పట్టీ విప్పేయండి. ఇది చాలామంది వదిలేస్తారు. పట్టీ ఉండగా కొలిస్తే నాలుగూ కలిపి చూపిస్తుంది, చచ్చిన ప్లగ్ బతికిన వాటి వెనక దాక్కుంటుంది. పట్టీ తీశాక టెస్ట్ ల్యాంప్ క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు పెట్టి, మొనను ఒక్కో ప్లగ్ తల మీద ఆనించండి. వెలగని ప్లగ్ పోయినట్టే. మీటర్‌తో అయితే ఓమ్స్‌లో చిన్న రేంజ్ పెట్టి, ముందు రెండు వైర్లు ఒకదానికొకటి తాకించి ఎంత చూపిస్తుందో అది తీసివేయాలి. మంచి ప్లగ్ ఒక ఓమ్ అటూ ఇటూ ఉంటుంది.

వెలిగినంత మాత్రాన ప్లగ్ బలంగా ఉందని కాదు. అది తేలాలంటే కరెంటు కొలవాలి, ఒక్కోటి సుమారు పది ఆంపియర్లు లాగాలి. దానికి బోరు మోటార్లు బాగుచేసే వాళ్ల దగ్గరి క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) అడుగుదామనుకుంటారేమో, వాటిలో ఎక్కువ ఏసీవే, కారు బ్యాటరీ కరెంటు వాటికి కనపడదు. డీసీ చూపించేది కావాలి.

విప్పి చూడాలనుకుంటే ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, ముందు రోజే తుప్పు వదిలే నూనె కొట్టి, చిన్న పానాతో నెమ్మదిగా విప్పండి. బలం వాడితే హెడ్‌లోనే విరుగుతుంది, అప్పుడు హెడ్ దించాలి. బయటకు తీసిన ప్లగ్‌ను పటకారుతో పట్టుకునే వెలిగించి చూడండి. మొదట మొనే ఎర్రబడాలి, మధ్యలో ఎర్రబడి మొన నల్లగా ఉంటే అది కూడా పోతున్నట్టే. కానీ ప్లగ్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చదవండి, తక్కువ వోల్టులవి 12కి పెడితే క్షణాల్లో మాడిపోతాయి.

ఇంకొకటి, లేవని బండి ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. హీటర్లు పనిచేస్తూ ఉన్న బండికి అది మరీ ప్రమాదం.

నాలుగూ బాగుండి, పట్టీ దగ్గర కరెంటూ వస్తూ, అయినా పొద్దున మొరాయిస్తే బ్యాటరీ చూడండి, సెల్ఫ్ మెల్లగా తిరిగితే ఏ హీటరూ కాపాడదు. తర్వాత డీజిల్ ఫిల్టర్ మీది చేతి పంపు నొక్కండి. పొద్దున మెత్తగా ఉండి, నొక్కితే గట్టిపడి బండి లేస్తోందంటే రాత్రి లైన్‌లోకి గాలి దూరుతోంది. ఒక క్లిప్పుతోనో పైపు ముక్కతోనో పోయే పని అది. పంపు దించే మాట ఇవన్నీ అయ్యాకే.