తీర్పు రాకముందు ఆ పేరెందుకు?

నాయనా,

కథ అందింది. నీకు వాక్యం బాగా నడుస్తుంది, ఆ సంగతి ఇంకెప్పుడైనా మాట్లాడుకుందాం. ఏ పత్రికకు పంపాలి, పోటీకి పెట్టొచ్చా అని అడిగావు. ముందు ఆ కథ ఎక్కడికీ పంపకు.

అది కందుకూరు పక్క ఊళ్లో ట్యూషన్ మాస్టారి మీద పడిన లైంగిక నేరం కేసేనని రెండో పేజీకే తెలిసిపోయింది. పాప పేరు మార్చావు. ట్యూషన్ మాస్టారి ఇంటిపేరు, ఊరు, ఇంటి ముందు వేపచెట్టు మాత్రం ఉన్నవి ఉన్నట్టు దించేశావు. కేసు ఇంకా కోర్టులో నలుగుతూనే ఉంది. నీ కథలో మాత్రం మొదటి వాక్యంలోనే ఆయన 'మృగం'.

పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ఒకసారి చదువు. పిల్ల పేరొక్కటే కాదు, ఇల్లు, బడి, కుటుంబం, ఏ ఆనవాలూ బయటపెట్టకూడదు. మాస్టారు ఫలానా అని తెలిశాక, ఆయన దగ్గరికి చదువుకోడానికి వెళ్లే ఆడపిల్లలు ఆ ఊళ్లో ఎంతమందని? రచ్చబండ మీద నలుగురు కూర్చుంటే సాయంత్రానికల్లా తేల్చేస్తారు. ఆయన పేరు రాస్తే ఆ పిల్ల పేరు రాసినట్టే.

మొదటినుంచీ నాది ఒకటే మాట. తీర్పు వచ్చేదాకా నిందితుడి పేరు, ఫొటో అచ్చులో రాకూడదు. 18 ఏళ్లు నిండనివాళ్లకు ఆ రక్షణ చట్టంలోనే ఉంది. పెద్దవాళ్లకూ ఉండాలి. అలాగని రహస్య అరెస్టులు కావాలని నేననను. అరెస్టయినవాళ్ల పేర్లు ప్రతి పోలీస్ స్టేషన్లోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనబడేలా పెట్టాలని చట్టం చెబుతోంది. మనిషిని మాయం చెయ్యకుండా అది కాపలా. 'కామాంధుడు' అనే హెడ్డింగు కింద పేరు వేస్తే ఎవరికి కాపలా?

కావలిలో జిల్లా పేజీకి కంట్రిబ్యూటర్‌గా రాసేవాణ్ణి, లైను లెక్కన డబ్బులు. నేను 'నిందితుడు' అని పంపితే డెస్కులో 'కీచకుడు' అయ్యేది. సహకార సంఘంలో గుమాస్తా ఒకాయన మీద హత్య కేసు పడింది. స్టేషన్ వరండాలో ఆయన్ని కింద కూర్చోబెట్టి, వెనక పోలీసులు వరసగా నిలబడిన ఫొటో వేశారు. కొన్నేళ్లకు కేసు కొట్టేశారు. ఆయన జడ్జిమెంటు కాపీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. "అప్పుడు మొదటి పేజీలో వేశారు సార్. ఇప్పుడు ఏ మూలన వేసినా చాలు. మా అమ్మాయికి సంబంధాలు వచ్చినట్టే వచ్చి పోతున్నాయి" అన్నాడు. రాసి పంపాను, రాలేదు. ఫోన్ చేస్తే ఎడిషన్ ఇన్‌ఛార్జి "కేసు కొట్టేస్తే వార్తేముందయ్యా?" అన్నాడు. ఆయన మీద నాకు ఈరోజుకీ కోపం పోలేదు. మళ్లీ మళ్లీ అడిగినందుకు నా లైన్లు కోసేశారు. పిల్లల ఫీజులకు అప్పు చెయ్యాల్సొచ్చింది.

పోలీసులు నిందితుల మొహాలకు ముసుగు వేసేది జాలితో కాదు. సాక్షి వచ్చి పదిమందిలో గుర్తుపట్టే పరేడ్ ముందుంటుంది. ఆ సాక్షి అంతకుముందే పేపర్లో ఫొటో చూశాడంటే డిఫెన్సు లాయరు దాన్నే పట్టుకుంటాడు. నిజంగా నేరం చేసినవాడు కూడా మన ఫొటో పుణ్యాన బయటపడొచ్చు.

పేరు చెబితేనే మిగతా ఆడవాళ్లు ధైర్యం చేస్తారు కదా అంటావు. 2018లో మీటూ అప్పుడు అలాగే జరిగింది, కాదనను. తనకు జరిగింది చెప్పుకునే మనిషి నోరు మూయడానికి నేనెవర్ని? నేనంటున్నది పక్కన నిలబడి రాసే మన గురించి. ఇంగ్లండులో 1976లో అత్యాచారం కేసుల్లో నిందితుల పేర్లు దాచాలని చట్టం చేసి, 1988లో తీసేశారు. తీసేసినంత మాత్రాన ఆ ఆలోచన తప్పని నేననుకోను.

మాస్టారి భార్య నీ కథలో ఒక్కచోటే వస్తుంది. బియ్యం చెరుగుతూ, వీధిలో అడుగుల చప్పుడుకి చేట కింద పెట్టి తలుపు గడియ వేస్తుంది. ఆ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. కథను ఆవిడ వైపు నుంచి రాయి. ఊరు మార్చు, మాస్టారి పని మార్చు, ఆ 'మృగం' కొట్టెయ్. ఈలోపు కందుకూరు కోర్టులో ఒక వాయిదా రోజంతా వెనక బెంచీలో కూర్చో. పోక్సో విచారణలోకి రానివ్వరు, మామూలు కేసులు చూడు. తిరగరాశాక ముందు నాకు పంపు. పోటీ గడువు దాటితే దాటనీ.