సమాధానం: 40 డొమైన్లు పెట్టి 8 నెలలైంది, ఒక్క ఎంక్వైరీ లేదు

40 డొమైన్లు, అంటే వెబ్‌సైట్ పేర్లు, అమ్మకానికి పెట్టి 8 నెలలైనా కొంటామంటూ ఒక్క మెయిల్ కూడా రాలేదన్నారు. టెన్షన్ పడకండి. బ్రాండబుల్ పేర్లలో (కంపెనీకి బ్రాండ్‌గా పెట్టుకోదగ్గవి) ఏడాదికి వందకి ఒకటో రెండో అమ్ముడుపోవడం మామూలేనని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళు వేసుకునే లెక్క. 40 పేర్లకి ఈ మౌనం వింతేమీ కాదు.

అయినా ఒక పని చేయండి. మీ పేరొకటి బ్రౌజర్‌లో కొట్టి చూడండి. రిజిస్ట్రార్ (మీరు పేరు రిజిస్టర్ చేయించుకున్న కంపెనీ) ప్రకటనల పేజీ వస్తోందా? అయితే కొనాలనుకున్నవాడికి అది అమ్మకానికుందని తెలిసేదెలా? నేమ్‌సర్వర్లు (పేరు కొడితే ఏ పేజీకి వెళ్ళాలో చెప్పే సెట్టింగ్) మీరు పేర్లు అమ్మకానికి పెట్టిన సైట్‌వి, అంటే మార్కెట్‌ప్లేస్‌వి పెట్టండి, అమ్మకం పేజీ వస్తుంది. నేనూ మొదటి ఏడాదంతా ఇది చేయలేదు లెండి.

ధర దగ్గర 'ఆఫర్ చేయండి' అని వదిలేశారు. చిన్న స్టార్టప్ వాళ్ళు బేరానికి దిగరు, పక్క పేరు చూసుకుంటారు. 'బై నౌ' ధర, అంటే బేరం లేకుండా వెంటనే కొనుక్కునే ధర పెట్టండి. డొమైన్లు అమ్మే సైట్ ఆఫ్టర్నిక్‌లో ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్ (అమ్మగానే పేరు త్వరగా చేతులు మారే సౌకర్యం) కూడా ఆన్ చేస్తే, వేరే రిజిస్ట్రార్ల సెర్చ్‌లోనూ మీ పేరు కనిపిస్తుంది. బ్రాండబుల్ పేర్లు అమ్మే ఇంకో సైట్ బ్రాండ్‌బకెట్‌లో ఉన్నవాటిని మాత్రం ఇంకెక్కడా పెట్టకండి, వాళ్ళది ఎక్స్‌క్లూజివ్.

ఇక మీ 40లో మూడు 'జెడ్' అక్షరాలున్న ఆ పేరు... ఫోన్‌లో మీ మామయ్యకి ఒక్కసారి చెప్పి రాయమనండి. తప్పు రాస్తే రెన్యువల్ కట్టకుండా వదిలేయండి.